లెక్కకు అందని కృషి: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

ఖరగ్‌పూర్‌లో తరతరాలుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబాలకు రైల్వే కార్ఖానా ఎంత పరిచితమో, 1951లో హిజ్లీలో వెలసిన ఐ.ఐ.టి. కూడా అంతే పరిచితం. పరిశోధన చేస్తున్న పిల్లలున్న ఇండ్లలో “పత్రాలు ఎన్ని? ఉల్లేఖనలు ఎన్ని?” అనే ప్రశ్నలు తరచుగా వినవస్తుంటాయి. ఒకరి పత్రాన్ని ఇతర శాస్త్రవేత్తలు తమ పత్రాలలో ప్రస్తావించడమే ఉల్లేఖన. యూజీన్ గార్ఫీల్డ్ 1964లో ఉల్లేఖనల సూచికను వెలువరించిన నాటి నుండి వీటిని లెక్కించడం సులభమైంది. 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త హెచ్-సూచికను ప్రతిపాదించారు. కనీసం పదేసి ఉల్లేఖనలు పొందిన పత్రాలు పది ఉన్న పరిశోధకుని సూచిక పదికి తగ్గదు.

ఈ కొలబద్దతో భీమవరంలో 1895 జనవరి 12న జన్మించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారిని కొలిచి చూద్దాం.

ఆయన పేరున్న పత్రాలలో విశేషంగా ఉల్లేఖించబడినది 1925 నాటిది. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలసి రచించిన ఆ పత్రం, భాస్వరాన్ని రంగు ద్వారా కొలిచే పద్ధతిని వివరిస్తుంది. ఫాస్ఫేటు ఆమ్ల మాలిబ్డేటుతో కలిసినప్పుడు ఏర్పడే పదార్థాన్ని క్షయకరణం చేస్తే నీలివర్ణం వస్తుంది. ఆ నీలిమ గాఢతను బట్టి భాస్వరం పరిమాణం తెలుస్తుంది. జీవరసాయన ప్రయోగశాలల్లో దీని వాడుక కార్ఖానాలో గేజి వాడుక వంటిది. అందుకే వేలాది పత్రాలు దీనిని పేర్కొన్నాయి. ఈ పద్ధతి సాయంతోనే కండరాలలోని ఫాస్ఫోక్రియేటిన్‌ను 1927లో వారిద్దరూ వెల్లడించారు. 1929లో ఏ.టి.పి.ని గురించి కూడా ప్రకటించారు. అదే సంవత్సరం జర్మనీలో లోమన్ కూడా స్వతంత్రంగా దానిని కనుగొన్నారు.

అయితే ఈ పత్రాలలో ఏదీ కేన్సరుకు సంబంధించినది కాదు. ఆయన కీర్తికి మూలమైన కేన్సరు చికిత్స కృషి అంతా లెడర్లీ సంస్థకు చెందినది. 1940లో ఆయన అందులో చేరి పరిశోధన విభాగానికి సారథ్యం వహించారు. ఉష్ణమండల స్ప్రూ వ్యాధి వల్ల సోదరుణ్ణి కోల్పోయిన ఆయనకు, రక్తహీనతను పోగొట్టే పదార్థాల అన్వేషణ చిరకాల సంకల్పం. 1945 నాటికి ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేయగలిగింది. 1946లో దాని నిర్మాణాన్ని వివరించిన పత్రంలో అనేకమంది పేర్ల నడుమ ఆయన పేరు కూడా ఒకటి.

ఫోలిక్ ఆమ్లం కణాలు వృద్ధి చెందడానికి అవసరం. దానిని పోలివుండి, దాని స్థానాన్ని ఆక్రమించి, పనిని అడ్డగించే పదార్థం లభిస్తే, అదుపు తప్పి పెరిగే రక్తకణాలను నిరోధించవచ్చు. ఆ విధంగా రూపొందిన అమినాప్టెరిన్ సంశ్లేషణను వివరించిన 1947 నాటి పత్రంలో సీగర్ మొదలైన సహోద్యోగుల పేర్లున్నాయి. సుబ్బారావు గారి పేరు లేదు. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ఆ మందును లుకేమియా సోకిన 16 మంది పిల్లలకు ఇచ్చి, 10 మందిలో గుణం కనిపించినట్లు 1948 జూన్‌లో ప్రకటించారు. ఆ పత్ర రచయితలలోనూ ఆయన లేరు. ఆ గుణం తాత్కాలికమే. కాని అంతవరకు నిస్సహాయంగా చూస్తూ ఉండవలసి వచ్చిన వ్యాధిని మందు లొంగదీయగలదని మొదటిసారిగా రుజువైంది. రెండు నెలలకే, 1948 ఆగస్టులో, 53వ యేట సుబ్బారావు గారు కన్నుమూశారు.

అదే కుటుంబానికి చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ పిల్లల లుకేమియా చికిత్సలో భాగం. సంపన్న దేశాలలో ఆ వ్యాధిలో సర్వసాధారణమైన రకం సోకిన పిల్లలలో పదింట తొమ్మిదిమంది వరకు బ్రతుకుతున్నారు. కీళ్లవాతానికి కూడా ఈ మందును వాడతారు. అప్పుడు వారానికి ఒక్కసారే, వైద్యుని పర్యవేక్షణలోనే తీసుకోవాలి.

ఇక్కడ రెండు విషయాలు గమనించదగినవి. ఉల్లేఖనల పట్టిక మాత్రమే చూసినవారికి సుబ్బారావు గారు భాస్వరాన్ని కొలిచిన రసాయనికుడు; లుకేమియా పిల్లలకు ఆయనతో గల సంబంధం అందులో కనిపించదు. మరొకవంక, అభిమానం కొద్దీ అంతా ఆయన ఒక్కరే సాధించారని చెప్పుకోవడం సీగర్ వంటి సహచరులకు అన్యాయం. బృందానికి దారి చూపినవాని శ్రమకూ, బల్ల దగ్గర నిలబడి పదార్థాన్ని తయారు చేసినవాని శ్రమకూ రెండింటికీ విలువ ఉన్నది.

కార్ఖానాలో మరమ్మతు పూర్తయి పట్టాలెక్కిన వ్యాగనుపై ఫిట్టరు పేరు ఉండదు. పని ఎలా జరిగిందో దాని పరుగే చెబుతుంది. పరిశోధకుల విషయంలోనూ పత్రాల సంఖ్య అడగడంలో తప్పులేదు. ఆ తరువాత మరొక ప్రశ్న కూడా అడగాలి: ఈ కృషి వల్ల తరువాతివారు ఏ పని చేయగలిగారు? మన పిల్లల ప్రతిభను తూచేటప్పుడు ఈ రెండవ ప్రశ్నకే ఎక్కువ విలువనివ్వడం సమంజసం.