అంటించం, బిగిస్తాం
సౌదీ అరేబియాలో ఆర్సీ బళ్ళు నడిపే తెలుగువాళ్ళ ప్రణాళిక

రియాద్‌లో, దమ్మాంలో, జుబైల్‌లో ఉద్యోగాలు చేసుకుంటూ, సెలవు రోజున రాళ్ళ మీదా ఇసుకలోనూ రిమోట్ బళ్ళు నడిపే తెలుగువాళ్ళం మేం. అసలు బండిలో పదో వంతు సైజు ట్రక్కులు మావి. మాలో రిఫైనరీ ఇంజనీర్లున్నారు, ఎలక్ట్రీషియన్లున్నారు, డ్రైవర్లున్నారు, నర్సులున్నారు, ఇక్కడి ఇండియన్ స్కూళ్ళలో చదివే పిల్లలున్నారు. కరీంనగర్ నుంచి వచ్చినవాళ్ళూ, కడప నుంచి వచ్చినవాళ్ళూ, కోనసీమ నుంచి వచ్చినవాళ్ళూ ఒకే గుట్ట దగ్గర కలుస్తాం. అందరం కూర్చుని ఒప్పుకున్న సంగతులు ఇవి. మిగతావాటికన్నిటికీ ఆధారమైనది ముందు చెబుతున్నాం: మా బళ్ళ టైర్లను రిమ్ములకు గ్లూతో అంటించం. బీడ్‌లాక్ రింగులతో బిగిస్తాం.

ఇంత చిన్న విషయానికి ప్రణాళిక ఎందుకని అడిగేవాళ్ళుంటారు. టైరు రిమ్మును ఎలా పట్టుకుంటుందో చూస్తే వాళ్ళకే తెలుస్తుంది. పెద్ద బండిలో ఆ పని గాలిది. లోపలి గాలి టైరు అంచును, అంటే బీడును, రిమ్ముకేసి నొక్కి ఉంచుతుంది. ఈ దేశంలో ఇసుకలోకి దిగబోయే డ్రైవరు ముందు ఆగి టైర్ల గాలి తీస్తాడు. రోడ్డు మీద 35 పీఎస్‌ఐ ఉన్నదాన్ని 15 దాకా దించితే టైరు సాగినట్టుగా పరుచుకుని ఇసుక మీద తేలుతుంది. ఇంకా దించితే మలుపులో బీడు రిమ్మును వదిలేస్తుంది. అలా వదలకుండా, బీడును రిమ్ముకూ ఒక రింగుకూ మధ్య ఇరికించి చుట్టూ బోల్టులు బిగించడమే బీడ్‌లాక్. 2020 నుంచి డకార్ ర్యాలీ సౌదీలోనే జరుగుతోంది. ఎడారి పందెపు బళ్ళ చక్రాలను దగ్గర్నుంచి చూసే వీలు ఇక్కడున్న మనవాళ్ళకు దొరికింది.

మా బళ్ళ టైర్లలో గాలి ఒత్తిడి ఉండదు. బరువు మోసేది లోపల పెట్టే ఫోము. అది టైరు ఆకారాన్ని నిలబెడుతుంది గానీ బీడును రిమ్ముకు నొక్కి పట్టలేదు. అందుకని సూపర్ గ్లూతో అంటించాలి, లేదా రింగు వేసి స్క్రూలు బిగించాలి. మూడో దారి లేదు.

గ్లూ చవక, తేలిక, తొందరగా పనవుతుంది. అయినా వద్దంటున్నాం. అంటించిన టైరు మూసేసిన టైరు. లోపల ఫోము నలిగిపోయినా, వాదీ (ఎండిన వాగు) గుంటలో నీళ్ళు పీల్చుకున్నా, సన్న ఇసుక చేరి చక్రం బరువెక్కినా తెరిచి చూసే వీల్లేదు. ఊడదీయాలంటే చక్రాన్ని మరిగే నీళ్ళలో ఉడకబెట్టాలి, లేదా అసిటోన్‌లో నానబెట్టాలి. అందులో టైరో రిమ్మో పాడయ్యే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. మామూలు సూపర్ గ్లూ 80 డిగ్రీల దాపుకు వచ్చేసరికి పట్టు కోల్పోతుంది. జూలైలో అద్దాలు మూసి ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు దానికి ఎంతో దూరంలో ఉండదు. ఆరుగురు ఒకే గదిలో ఉండే చోట, కిటికీలు మూసి ఏసీ నడుస్తుండగా గ్లూ వాడితే ఆ ఆవిరి అందరి కళ్ళకూ తగులుతుంది. తన సరదా కోసం పక్క మంచం మీద నిద్రపోయేవాణ్ణి ఇబ్బంది పెట్టే హక్కు మాలో ఎవరికీ లేదు.

అన్నిటికంటే పెద్ద కారణం నేలలో ఉంది. రియాద్‌కు పడమటి వైపు తువైక్ సున్నపురాతి గట్లున్నాయి. తూర్పున దహ్నా ఎర్ర ఇసుక, ఉత్తరాన నఫూద్ నుంచి దక్షిణాన రుబ్ అల్ ఖాలీ దాకా వెయ్యి కిలోమీటర్లకు పైగా సాగుతుంది. అవే బళ్ళతో ఒక వారం రాతి మీద, ఒక వారం ఇసుకలో నడుపుతాం. రాతి మీద టైరు మెత్తగా ఒదగాలి, రాయి అంచును చుట్టి పట్టుకోవాలి. మెత్తటి ఫోము, ముందు చక్రాల్లో ఇత్తడి బరువు కావాలి. ఇసుకలో ఆ ఇత్తడే బండిని కిందికి తవ్వేస్తుంది. బండి పదో వంతుకు తగ్గింది గానీ ఇసుక రేణువు తగ్గలేదు కదా. మూడు కిలోల బండికి ఆ నేల, పెద్ద బండికి ఉన్నట్టు ఉండదు. బరువు తీసేసి, వెడల్పు టైరు వేసి, వేగం ఆపకుండా పోనివ్వాలి. ఒకే రిమ్ము ఈ రెండు నేలల మీదా పనిచేయాలంటే అది తెరుచుకునేదై ఉండాలి. మారిన నేలకు మారలేని చక్రం ఈ దేశంలో సగం చక్రమే.

బిగించే పద్ధతి విషయంలో మేం పట్టుదలగా ఉంటాం. కొత్తగా వచ్చినవాళ్ళు తమ మొదటి నాలుగు చక్రాలూ స్వయంగా బిగించాలి. పక్కన ఒకరు కూర్చుని చెబుతారు, చేతిలోంచి లాక్కుని చేయరు. పిల్లలకైనా ఇదే వర్తిస్తుంది.

ముందు ఫోము టైరులోకి వెళ్ళాలి. మడత పడకుండా, చుట్టూ ఒకే మందంగా కూర్చుందని వేలితో తడిమి చూడాలి. రిమ్ము గాడిలో ఇసుక రేణువు ఒక్కటి మిగిలినా బీడు అక్కడ ఎత్తుగా నిలబడుతుంది, కాబట్టి బ్రష్షుతో తుడవాలి. టైరు మీద తిరిగే దిశ బాణం గుర్తుంటే ఎడమ, కుడి చక్రాలు ముందే వేరు చేసుకోవాలి. తర్వాత లోపలి వైపు బీడును గాడిలో కూర్చోబెట్టి, ఆ వైపు రింగు ఉంటే వేసి, అప్పుడు బయటి వైపుకు రావాలి. రింగు పెట్టాక స్క్రూలన్నీ రెండు మూడు చుట్లు మాత్రమే తిప్పి వదలాలి. ఇక్కడ తొందరపడే చెయ్యే ఎక్కువ చక్రాలు పాడుచేస్తుంది. ఒక స్క్రూను పూర్తిగా బిగిస్తే రింగు అటు వాలి, ఎదురుగా ఉన్న బీడు బయటికి జారుతుంది. కారు చక్రం నట్ల లాగే ఒకటి బిగించాక దాని ఎదురుది, ఆపైన దాని ఎదురుది, కొద్దికొద్దిగా, చుట్టు తర్వాత చుట్టు. చివరికి రింగుకూ రిమ్ముకూ మధ్య సందు చుట్టూ ఒకేలా కనబడాలి. చక్రాన్ని బండికి తగిలించి గాలిలో తిప్పి చూడాలి. అటూ ఇటూ ఊగితే విప్పి మళ్ళీ మొదటినుంచి చేయాలి.

చివరి బిగింపు చేత్తోనే. బ్యాటరీ స్క్రూడ్రైవరు ఆ దశలో వాడం. ఈ స్క్రూలు రెండు, రెండున్నర మిల్లీమీటర్లవి. తల అరిగితే తీయడం కష్టం, అందుకని అరిగిన ఎల్‌కీని డబ్బాలో ఉంచుకోం, పారేస్తాం. అల్యూమినియం రిమ్ములో స్క్రూకు థ్రెడ్‌లాకరు చుక్క వేయవచ్చు. ప్లాస్టిక్ రిమ్ములో వేయకూడదు, ప్లాస్టిక్ పగుళ్ళిస్తుంది. ప్లాస్టిక్‌లో మర పోతే మళ్ళీ రాదు గనక, పట్టు దొరికిన చోటే ఆగాలి. మొదటిసారి నడిపి వచ్చాక అన్ని స్క్రూలూ మరోసారి చూడాలి, ఎందుకంటే బీడు రబ్బరు ఒత్తిడికి కాస్త అణుగుతుంది. హాఫ్ మూన్ బీచ్ నుంచి వచ్చినవాళ్ళు ఆ రాత్రే మంచినీళ్ళతో కడిగి, విప్పి, ఫోము ఆరబెట్టాలి. ఉప్పు తిన్న స్క్రూ పొద్దున్నకు కదలనంటుంది.

అందరం 1.9 ఇంచుల రిమ్ములూ చక్రాన్ని ఇరుసుకు పట్టించే 12 మిల్లీమీటర్ల హెక్సులూ వాడాలని ఒప్పుకున్నాం. ఒకరి చక్రం ఇంకొకరి బండికి పట్టాలన్నదే ఇందులో ఉద్దేశం. గుట్ట మధ్యలో ఎవరి రింగు విరిగినా, ఎవరో ఒకరి దగ్గరున్న అదనపు చక్రంతో ఆ బండి సాయంత్రం దాకా నడవాలి. అల్యూమినియం బీడ్‌లాకులు కొనలేనివాళ్ళు ప్లాస్టిక్‌వి వాడతారు. అందుకని వాళ్ళ బండిని వెనక నిలబెట్టం. కంపెనీలో సారూ హెల్పరూ అయినవాళ్ళు గుట్ట దగ్గర అన్నా, తమ్ముడూ, అక్కా అనే పిలుచుకుంటారు. ఖరీదైన బండి ఉన్నంత మాత్రాన దారి నిర్ణయించే అధికారం రాదు.

ఈ నేల మాది కాదు. ఇక్కడ అతిథులం. ఒంటెల కాపరి మంద కనబడితే బళ్ళు ఆపేస్తాం. కుటుంబాలు గుడారం వేసుకున్న చోటికి వెళ్ళం, అటు కెమెరా తిప్పం. డ్రోన్‌లు తేవద్దు, వాటికి అనుమతులు వేరు. ఆకాశం మబ్బు పట్టిందంటే వాదీ అడుగున ఎవరూ ఉండకూడదు. వేసవిలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు ఎండలో పని చేయించడం ఇక్కడి చట్టం నిషేధించింది. కూలికి వద్దన్న ఎండ సరదాకూ వద్దు. ఆ నెలల్లో తెల్లవారుజామునో, దీపాలతో రాత్రో వెళతాం.

చెత్త విషయంలో మినహాయింపు ఎవరికీ లేదు. ఫోము తుంపులు, జిప్ టైలు, కవర్లు, విరిగిన రింగు ముక్కలు, పడిపోయిన స్క్రూలు అన్నీ ఏరుకుని వస్తాం. టైరు మార్చేటప్పుడు కింద గుడ్డ పరుస్తాం, స్క్రూల కోసం అయస్కాంతం తెస్తాం. దుబాయి పశువైద్య పరిశోధకులు 2008 నుంచి చూసిన 30,000 ఒంటె కళేబరాల్లో 300 ఒంటెల కడుపుల్లో గట్టిపడిన ప్లాస్టిక్ ముద్దలు దొరికాయి. మేత అనుకుని తిన్నవవి. మా ఆట నుంచి అలాంటి ముక్క ఒక్కటి కూడా ఇసుకలో మిగలకూడదు.

ఇక మాలో అందరికీ ఎప్పుడో ఒకప్పుడు వచ్చే రోజు గురించి. కాంట్రాక్టు అయిపోయి, ఫైనల్ ఎగ్జిట్ వీసా పడి, సామాను అమ్ముకోవడానికి కొద్ది రోజులే ఉన్న మనిషి దగ్గర బేరమాడటం ఈ దేశంలో అలవాటైపోయింది. ఫ్రిజ్జు, మంచం, కారు అన్నీ తుక్కు ధరకు పోతాయి. మా మధ్య అది జరగనివ్వం. వెళ్ళేవారి చక్రాలను ముగ్గురం కలిసి తెరిచి చూస్తాం, బీడు, ఫోము, మరలు పరీక్షిస్తాం, న్యాయమైన ధర కట్టి విమానం ఎక్కేలోపు డబ్బు చేతిలో పెడతాం. బ్యాటరీలు ఇంటికి తీసుకెళ్ళేవాళ్ళకు అవి చేతి సంచీలోనే ఉండాలని గుర్తుచేసి, టెర్మినళ్ళకు టేపు చుట్టి ఇస్తాం. ఇక్కడే ఉండిపోయిన చక్రాల్లో అరిగిన ఫోము తీసి కొత్తది వేసి, అవసరమైన స్క్రూలు మార్చి, బండి కొని ఇంకా టైర్లకు డబ్బు కూడని కొత్తవాళ్ళకు ముందుగా ఇస్తాం. వాళ్ళు వాయిదాల్లో కట్టవచ్చు. ఆ చక్రాలను ఒకసారి పూర్తిగా విప్పి, తమ చేత్తో మళ్ళీ బిగించాకే ఇంటికి పట్టుకెళ్ళాలి.