ఊరు అడగొద్దు, బండికి చోటు చూపండి!

సికింద్రాబాద్ ప్రజలకు, వీధి వ్యాపారులకు విజ్ఞప్తి

2025లో మోండా మార్కెట్ దగ్గర పార్కింగ్ విషయంలో మొదలైన గొడవ 'మార్వాడీ గో బ్యాక్' నినాదం దాకా పోయింది. ఆ గొడవలో చేయి చేసుకున్నవాళ్లను చట్టం శిక్షించాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ ఒకరి తప్పుకు ఒక ప్రాంతం వాళ్లందరినీ వెళ్లగొట్టమంటే ముందు దెబ్బ తినేది పెద్ద షాపు సేటు కాదు. పానీపూరీ బండి పెట్టుకున్న బీహార్ కుర్రాడు, గాజులమ్ముకునే ముస్లిం అక్క, పాలమూరు నుంచి బతకడానికొచ్చి బత్తాయిలమ్మే అన్న.

బండి మీద బతికేవాళ్లకు జప్తు లారీ అంటే దడ. అది వస్తే తూకం, పళ్ల గంపలు, గొడుగు అన్నీ ఎక్కిపోతాయి. పొద్దున సరుకు కోసం తెచ్చిన అప్పు మాత్రం రాత్రికి కట్టాలి. భాష రానివాడు, చేతిలో కాగితం లేనివాడు ఎవర్ని నిలదీస్తాడు?

నిలదీయడానికి 2014 వీధి వ్యాపారుల చట్టం ఉంది. వీధి వ్యాపారుల సర్వే పూర్తయి వెండింగ్ సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవర్నీ ఖాళీ చేయించకూడదు. తరలించాలంటే 30 రోజుల ముందు నోటీసివ్వాలి. సరుకు జప్తు చేస్తే జాబితా రాసివ్వాలి. రుసుము కట్టి అడిగితే పాడైపోయే సరుకు అదే రోజు, మిగతాది రెండు పనిదినాల్లో వాపసివ్వాలి. సర్టిఫికెట్‌కు కావాల్సిన హామీలు: వ్యాపారం తానో తన ఇంటివాళ్లో నడుపుతారని, వేరే జీవనాధారం లేదని, ఆ చోటు ఇంకొకరికి అద్దెకివ్వనని. పుట్టిన ఊరేదని చట్టం అడగదు. మనమెందుకు అడగాలి?

ఈ చట్టం కంటోన్మెంట్‌కూ వర్తిస్తుంది. రైల్వే స్థలానికి వర్తించదు కాబట్టి స్టేషన్ ఆవరణలో అమ్ముకునేవాళ్లకు దగ్గర్లోనే చోటు చూపాలి.

ఇదే చట్టం ప్రకారం పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే, అదీ ఎన్నికైనవాళ్లే ఉండాలి. అందులో మూడో వంతు మహిళలు. మైనారిటీలకు, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు, వికలాంగులకు తగిన చోటు. ఆ ఎన్నికలు సక్రమంగా జరపాలి. సర్వే ఫారాలు తెలుగుతో పాటు ఉర్దూ, హిందీల్లో ఉండాలి. అద్దె ఇంటి చిరునామా మారిందని ఎవరి పేరూ కొట్టేయకూడదు. ఆ సర్టిఫికెట్టో సిఫారసు లేఖో ఉంటే పీఎం స్వనిధి పథకం కింద పూచీకత్తు లేకుండా మొదటి విడత 15,000 రూపాయల దాకా అప్పు పుడుతుంది, రోజువారీ వడ్డీ బాధ కొంతైనా తగ్గుతుంది.

వ్యాపారులారా! లారీ వచ్చిన రోజు జప్తు జాబితా అడిగి తీసుకోండి. తెలుగు రాని పక్క బండివాడి తరఫున కూడా మీరే అడగండి.