దగ్గు మందుతో పాటు ఏం తింటున్నారు?

రక్తపోటుకు మూత్రం ఎక్కువగా పోయే మాత్ర వాడే పెద్దాయన ఒకరు గుండె దడ, చేతుల వణుకు, కాళ్ళలో సత్తువ లేదంటూ వచ్చారు. కళ్ళె తెగడానికి పది రోజులుగా షాపులో అడిగి కొన్న సిరప్పు తాగుతున్నారట. "ఇంకేమైనా తీసుకుంటున్నారా?" అంటే, "లేదండీ, పొద్దస్తమానం అతిమధురం చప్పరిస్తున్నాను, అంతే" అన్నారు.

ఆ "అంతే"లోనే ఉంది అసలు సంగతి. అతిమధురం రోజుల తరబడి ఎక్కువగా తింటే ఒంట్లో ఉప్పు, నీరు నిలిచి రక్తపోటు పెరుగుతుంది. రక్తంలో పొటాషియం తగ్గుతుంది. ఆయన వేసుకునే మాత్ర కూడా పొటాషియాన్ని తగ్గించేదే. పైగా కళ్ళె తెగే సిరప్పుల్లో చాలావాటిలో టెర్బుటలిన్ గాని, సాల్బుటమాల్ గాని ఉంటుంది. అవి దడ పుట్టిస్తాయి, పొటాషియాన్నీ కొంత దించుతాయి. మూడూ కలిస్తే గుండె లయ తప్పవచ్చు. రక్తపరీక్ష చేయిస్తే పొటాషియం తక్కువగానే ఉంది. అతిమధురం, సిరప్పు మాన్పించి వైద్యం చేశాక ఆయన కోలుకున్నారు.

కనుక రక్తపోటు, గుండె జబ్బు ఉన్నవారు సిరప్పు కొనేముందు మీ మాత్రల చీటీ డాక్టరుకు చూపించండి. ఇంట్లో వాడే మూలికలనూ దాచకండి. సిరప్పు తాగే రోజుల్లో కాఫీ, టీలు తగ్గించండి, దడ పెరుగుతుంది. క్లోర్‌ఫెనిరమిన్ కలిసిన సిరప్పుతో మద్యం ముట్టకండి, మత్తు ముంచుకొస్తుంది. మధుమేహం ఉంటే చక్కెర లేని సిరప్పు అడగండి.

మామూలు జలుబు దగ్గుకు గోరువెచ్చని నీళ్ళు తరచు తాగితే గొంతుకు హాయిగా ఉంటుంది. దగ్గు రెండు వారాలు దాటితే మాత్రం సిరప్పులు మార్చుతూ కూర్చోకండి. ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా కళ్ళె పరీక్ష చేయించుకోండి. అది క్షయ కావచ్చు.