కోటో వంతు లెక్కకు విలువ లేదా?

కాకతీయ గణపతిదేవుడి ఏలుబడిలో, 1213 ప్రాంతంలో కట్టిన పాకాల చెరువు ఈనాటికీ నిండుతోంది. రామప్ప, లక్నవరం కూడా అంతే. అన్నీ మట్టికట్టలే! ఏ మన్ను నీటిని ఆపుతుందో, ఏది జారవిడుస్తుందో తెలియకుండానే కట్టారా? అదే కాకతీయుల ఓరుగల్లులో ఇవాళ ఆ విద్య ప్రయోగశాల మూలన పడి ఉంది. మన్నులో నీటి నడకను కొలిచేవాళ్లను పలకరించిన నాథుడు లేడు.

ఆ పని ఎప్పుడైనా చూశారా? కట్ట మన్నును లోహపు అచ్చులో కుదించి, కిందా పైనా నీరు దిగే రాతిబిళ్లలు పెట్టి బిగిస్తారు. ఒక్క గాలిబుడగ మిగిలినా లెక్క తప్పుతుంది కాబట్టి ముందు పూర్తిగా నాననివ్వాలి. రేగడికైతే రోజులు పడుతుంది. ఆపైన సన్నటి గాజు గొట్టంలో మట్టం దిగడాన్ని గడియారం పట్టుకుని రాసుకోవాలి. ఇసుకలో రోజుకు ఎనిమిది మీటర్లు పోగల నీరు, అదే ఒత్తిడికి, బాగా కుదించిన బంకమన్నులో ఏడాదికి మూడు సెంటీమీటర్లే కదులుతుంది. అంటే సెకనుకు సెంటీమీటరులో కోటో వంతు! ఆకులూ వేర్లూ కుళ్లి పేరుకున్న పీట్ నేలలు మరీ మొండివి. బరువుకు అణిగేకొద్దీ దారులు మూసుకుపోయి, నిన్నటి లెక్క ఇవాళ చెల్లదు. ఇంత ఓపికకు మనమిచ్చిన మర్యాద ఏది?

1856లో ఇసుకలో నీటి పారుదల సూత్రాన్ని లోకానికిచ్చిన హెన్రీ డార్సీ పేరును ఫ్రాన్స్‌లోని దిజాన్ నగరం తన కూడలికి పెట్టుకుంది. తరతరాలుగా కట్ట వెంట నడిచి, జాలు పట్టిన చోటును కాలితోనే పసిగట్టిన మన నీరటికాళ్లకు ఏ కూడలి ఉంది?

2015లో చెరువుల పునరుద్ధరణకు మిషన్ కాకతీయ మొదలయ్యాక ఎన్ని ట్రాక్టర్ల పూడిక తీశామో ఊరూరా చెప్పుకున్నాం. ఏ కట్టలో ఎంత ఊట ఉందో ఎవరైనా అడిగారా? 2023 జులైలో ఓరుగల్లు భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. వరద అసాధారణమే, కాదనను. కానీ కట్టకు బుంగ పడ్డాక ఇసుక బస్తాలతో పరుగెత్తడమే మనకు తెలిసిన విద్యా? కాకతీయుల పేరు పథకాలకు కావాలి, వాళ్ల మట్టి తెలివి మాత్రం అక్కర్లేదా?

నీటిపారుదల శాఖ పెద్దలారా! పరీక్ష చేసే పద్ధతిని భారతీయ ప్రమాణం 2720, 17వ భాగం 1986లోనే రాసిపెట్టింది. మీరు కొత్తగా కనిపెట్టాల్సింది లేదు. ప్రతి చెరువు కట్ట మన్నుకూ ఆ పరీక్ష చేయించండి. ఫలితాన్ని పంచాయతీ గోడ మీద అంటించండి. కాంట్రాక్టరు పేరు పక్కనే, కొలిచిన మనిషి పేరూ రాయండి.