గటక అంటే తెలుసా?

రీల్స్‌లో మిల్లెట్ బౌల్ కనిపిస్తే వెంటనే సేవ్ చేసుకుంటాం. అదే ఎవరైనా 'గటక' అంటే మాత్రం 'అదేంటి?' అని మొహం పెడతాం. జొన్నల్ని రవ్వలా పగలగొట్టి, మెత్తగా ఉడికించి, మజ్జిగతోనో పప్పుతోనో తినేదే గటక. ఒకప్పుడు తెలంగాణ పల్లెల్లో చాలా ఇళ్లలో అదే రోజువారీ తిండి.

'మా ఊరి తిండేంటో కూడా నాకు తెలీదు. రూట్స్ కట్ అయిపోయినట్టుంది' అని బాధపడేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. బాధ నిజమే. కానీ తప్పంతా మీ నెత్తిన వేసుకోకండి. ఈ తెగిపోవడం మీ తరంతో మొదలవ్వలేదు.

అప్పట్లో మెట్ట ప్రాంతాల్లో వరి అన్నం అంటే పండగే. చెరువు కింద మాగాణి ఉన్నవాళ్లు రోజూ తినేవాళ్లు. మిగతావాళ్లకు జొన్న, సజ్జ, కొర్ర, రాగి. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం వచ్చాక రేషన్‌లో కిలో బియ్యం 2 రూపాయలైంది. పేదింట్లో రోజూ తెల్లన్నం ఉడకడం అంటే మాటలా? చుట్టాలొస్తే రొట్టె పెట్టడానికి నామోషీ పడ్డ ఇంటికి ఆ అన్నం గౌరవం తెచ్చింది. దంచడం, విసరడం తగ్గి ఆడవాళ్ల నడుములకు కాస్త తెరిపి దొరికింది. కాబట్టి 'పెద్దోళ్లు మంచి తిండి వదిలేశారు' అని తేలిగ్గా అనేయొద్దు. పేదరికాన్ని వదిలించుకుంటున్నాం అనుకునే వాళ్లు దాన్ని వదిలారు.

మరి నష్టం జరగలేదా? జరిగింది. తిండితో పాటు మాటలూ పోతున్నాయి. రాయలసీమలో రాగులు, ఉత్తరాంధ్రలో చోళ్లు, తెలంగాణలో తైదలు... అన్నీ ఒకటే గింజ. యాప్‌లో వెతికితే 'ఫింగర్ మిల్లెట్'! చేతిపనీ పోతోంది. జొన్నపిండిలో గ్లూటెన్ ఉండదు, గోధుమపిండిలా సాగదు. అందుకే మరిగే నీళ్లు పోసి, బాగా పిసికి, చేత్తో తట్టాలి. నీళ్లు ఎన్ని, ఎంతసేపు పిసకాలి అన్నది చేసే చేతులకే తెలుసు.

2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. అంతకు ఎన్నో ఏళ్ల ముందు నుంచే జహీరాబాద్ దగ్గర డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళా రైతులు ఈ పాత విత్తనాల్ని దాచి, పండిస్తూ వస్తున్నారు. అంటే తీగ పూర్తిగా తెగలేదు.

అందుకే ప్యాకెట్ కొనే ముందు ఇంట్లో పెద్దోళ్లకు ఒక ఫోన్ కొట్టండి. 'రెసిపీ చెప్పు' అనొద్దు. 'చిన్నప్పుడు పొద్దున్నే ఏం తినేదానివి నాయనమ్మా?' అని అడగండి. 'ఆ గరీబు తిండి నీకెందుకు బిడ్డా' అని దాటేయొచ్చు. రెండోసారి అడగండి. ఊరెళ్లినప్పుడు ఆమె చేతుల్ని వీడియో తీయండి. తర్వాత మీరే ట్రై చేయండి.

మొదటి రొట్టె పెనం మీదే విరిగిపోతుంది. పర్లేదు, ఆ ముక్కల్నే పప్పులో అద్దుకుని తినేయండి.