నిలువు గీత విలువ

మొన్న తెనాలిలో రేపల్లె రైలెక్కాను. ఎదుటి బల్లమీద బాపట్ల కుర్రవాడొకడు ముత్తాతగారి ధాన్యం లెక్కల పుస్తకం ఒళ్లో పెట్టుకుని ఫోనులోకి ఎత్తిరాస్తున్నాడు.

"చూశారా బాబాయిగారూ! ఈ కౌలుదారు 31 తూములు బాకీ పడ్డాడు, పాపం!" అన్నాడు.

చూద్దును గదా, అక్కడున్నది ౩౹.

"అబ్బాయీ, అది ఒకటి కాదు, పావు. మన ఒకటి ౧ ఇలా ఉంటుంది. అతను ఇవ్వవలసింది మూడుంబావు తూములే. నీ చేతిలో పడి ఇంచుమించు పదింతలయింది!" అన్నాను.

మన పెద్దల భిన్నాలకు నాలుగే పునాది. నిలువు గీత ఒకటైతే పావు, రెండైతే అర, మూడైతే ముప్పావు. పావును మళ్లీ నాలుగు చేస్తే వీసం. దానికి అడ్డగీత, ౼. రెండు అడ్డగీతలు పరక, మూడు మువ్వీసం. తూముకు నాలుగు కుంచాలు, కుంచానికి నాలుగు మానికలు గనుక ధాన్యం లెక్కకు ఇది భేషుగ్గా కుదిరేది. రూపాయికి పదహారణాలున్న రోజుల్లో పావంటే పావలా, వీసమంటే అణా. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాక ఈ గీతలకు పని తగ్గింది.

"అయితే ఇంగ్లీషు నిలువు గీత పెట్టేస్తే సరి" అన్నాడు కుర్రవాడు.

సరి కాదు. కంటికి రూపం చాలు గాని, యంత్రానికి కావలసింది గుర్తు వెనకనున్న సంఖ్య. ప్రపంచంలోని లిపులకు సంఖ్యలిచ్చే యూనికోడ్, 2008లో వెలువడిన 5.1లో మన ఏడు భిన్నపు గుర్తులకూ, తూము గుర్తుకూ చోటిచ్చింది. పావు సంఖ్య 0సి79. వేరే గీత పెడితే రేపు పావుకోసం వెతికినవాడికి అది దొరకదు.

"ఆ సంఖ్య కొడితే ఉత్త డబ్బా వస్తోందండీ!"

సంఖ్య ఉన్నా, ఫాంటులో ఆ అచ్చు లేకపోతే డబ్బాయే వస్తుంది. దానికి ఆ రంగంలో 'టోఫు' అని ముద్దుపేరు. 'నో టోఫు' అన్నదానిలోంచే నోటో ఫాంట్లకు ఆ పేరు వచ్చింది. నోటో సాన్స్ తెలుగు వేసుకుంటే గీత గీతలాగే కనిపిస్తుంది.

రేపల్లె చేరేసరికి కుర్రవాడు బాకీ దిద్దాడు. సంఖ్య ఇచ్చారు, అచ్చు పోశారు. ఇక కావలసింది చదవగలిగినవారు. మీ అటకమీదా అటువంటి పుస్తకముంటే, గీతలు తెలిసిన పెద్దలుండగానే చదివించుకోండి. లేకపోతే ఏ కౌలుదారు నెత్తినో ఇరవై ఏడుముప్పావు తూములు ఊరికే పడగలవు!