కొన్నామా... అద్దెకు తెచ్చుకున్నామా?

కిందటి వేసవి సెలవులకి మా అక్కయ్య కొడుకు ల్యాప్‌టాప్ వెంటబెట్టుకుని మా ఊరొచ్చాడు. వాడి పుట్టినరోజుకి నేను కొనిచ్చిన గేమ్ అందులో ఉంది. డాబా ఎక్కితే తప్ప సెల్‌ఫోన్‌కి సిగ్నల్ అందని ఊరు మాది. గేమ్ తెరిస్తే చాలు, ముందు ఇంటర్నెట్ పెట్టుకోమంటుంది. ''డబ్బులిచ్చి కొన్నాం కదా మావయ్యా, మళ్లీ ఎవర్నడగాలి?'' అన్నాడు వాడు. నేను నీళ్లు నమిలాను.

ఈ తంటాకి కారణం డీఆర్ఎం... అంటే డిజిటల్ రైట్స్ మేనేజ్‌మెంట్. దొంగకాపీలు రాకుండా కంపెనీలు వేసే తాళం అన్నమాట. సరుకు మనింట్లో, తాళంచెవి వాళ్ల సర్వర్‌లో! ఆ సర్వర్ మూతపడితే? 2014లో వచ్చిన 'ద క్రూ' అనే కార్ల గేమ్‌కి అదే జరిగింది. ఒక్కరే ఆడుకోవాలన్నా దానికి నెట్ ఉండాల్సిందే. 2024 మార్చి 31న యూబీసాఫ్ట్ కంపెనీ సర్వర్లు ఆపేసింది. కొన్నవాళ్లు ఇక ఆ గేమ్ ఆడలేకపోయారు.

నిజానికి చాలాచోట్ల మనం కొనేది గేమ్‌ని కాదు, ఆడుకునే అనుమతిని. ఈ సంగతి కొనేముందే స్పష్టంగా చెప్పాలని అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం చట్టం చేసింది. 2025 జనవరి 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. నెట్ లేకుండా వాడుకునేలా శాశ్వతంగా డౌన్‌లోడ్ చేసుకోగలిగే వాటికి మాత్రం మినహాయింపునిచ్చింది.

అలాంటి తాళం లేని గేములు అమ్మే దుకాణాలూ ఉన్నాయి. వాటిలో పేరున్నది గాగ్ డాట్ కామ్. పోలెండ్‌కి చెందిన సీడీ ప్రాజెక్ట్ సంస్థ 2008లో 'గుడ్ ఓల్డ్ గేమ్స్' పేరుతో దీన్ని మొదలుపెట్టింది. పాత గేముల్ని కొత్త కంప్యూటర్లలో నడిచేలా సరిచేసి అమ్మడం దాని ప్రత్యేకత. ఇప్పుడు కొత్తవీ దొరుకుతాయి.

కొన్నాక మీరు చేయాల్సిన పని ఒకటుంది. మీ ఖాతాలోకి వెళ్లి 'ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్' డౌన్‌లోడ్ చేసుకోండి. పెద్ద గేమ్ అయితే ముక్కలుగా వస్తుంది. అన్నీ ఒకే ఫోల్డర్‌లో ఉండాలి, ఒక్కటి తగ్గినా ఇన్‌స్టాల్ కాదు. తర్వాత వాటిని ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసి, నెట్ తీసేసి ఓసారి ఆడి చూడండి. ఇతరులతో కలిసి ఆన్‌లైన్లో ఆడాలంటే మాత్రం నెట్ కావాల్సిందే. డిస్క్ పోతే పూచీ మనదే కాబట్టి రెండో కాపీ దాచుకోవడం మంచిది. ఇక పిల్లలకి కొనేటప్పుడు అది ఏ వయసు వాళ్లకో చూడటం మరవకండి.

దసరాకి మావాడు మళ్లీ వచ్చాడు. ఈసారి తాళం లేని గేమ్ కొనిపెట్టాను. సిగ్నల్ లేకపోయినా హాయిగా ఆడుకున్నాడు. వెళ్లేముందు, ''మా ఫ్రెండ్‌కి ఓ కాపీ ఇవ్వనా మావయ్యా? ఎవరికీ తెలీదుగా'' అన్నాడు.

''వద్దురా. మనల్ని నమ్మబట్టే వాళ్లు తాళం వేయలేదు. ఆ నమ్మకం పోతే మళ్లీ డాబా ఎక్కాల్సింది మనమే'' అన్నాను.

వాడు పెన్‌డ్రైవ్ జేబులో పెట్టేసుకున్నాడు.